సొంత కారులో సైటుకు వెళితే బీమా వర్తిస్తుందా?

ప్రశ్న: విజయవాడలో ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తుంటాను. సొంత కారులోనే సైట్లకు తిరుగుతూ, అప్పుడప్పుడు వైరు చుట్టలు, స్విచ్ బోర్డులు తీసుకెళుతుంటాను. ప్రమాదం జరిగితే క్లెయిము వస్తుందా?

జవాబు: మీ వృత్తి పని మీద మీరే కారు నడుపుకుంటూ వెళ్లడానికి ప్రైవేటు కారు పాలసీలో అభ్యంతరం లేదు. చిక్కంతా సామగ్రితోనే వస్తుంది. పాలసీ పత్రంలో వాహన వినియోగ పరిమితుల భాగాన్ని దయచేసి చదవండి. నమూనాలు, వ్యక్తిగత లగేజీ తప్ప ఇతర సరుకు రవాణాకూ, అద్దెకు తిప్పడానికీ పాలసీ వర్తించదని అక్కడ ఉంటుంది. డిక్కీ నిండా వైరు చుట్టలు ఉండగా ప్రమాదం జరిగితే, కారు మరమ్మతు క్లెయిమును బీమా సంస్థ తిరస్కరించే అవకాశం ఉంది కనుక, సామగ్రిని ట్రాలీ ఆటోలో పంపడమే క్షేమమని నా గట్టి అభిప్రాయం. జీతానికి డ్రైవరును పెట్టుకుంటే మాత్రం అతని కోసం అదనపు ప్రీమియం చెల్లించండి; 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికి ఉద్దేశించినదే.