ట్రైలర్‌లో చూపించిన సీను సినిమాలో లేదు... కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు. నెల రోజుల పాటు టీవీల్లో, హోర్డింగుల మీద ఊదరగొట్టిన ఒక థ్రిల్లర్ సినిమాకు ఇంట్లో నలుగురం భీమవరం వెళ్లాం. ట్రైలర్‌లో రాత్రిపూట గోదావరి మీద పంటులో జరిగే హత్య చూసే మనసు పడ్డాం. తీరా చూస్తే ఆ సీనే లేదు. హంతకుడెవరో ఇంటర్వెల్‌కి ముందే తెలిసిపోయింది. పైగా సెకండాఫ్ అంతా ఏసీ ఆగిపోయింది. టికెట్లకు, కారుకు కలిపి రెండు వేలు వదిలాయి. నిర్మాత మీద వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: నిర్మాత మీద కేసు నిలబడదండి. నలుగురున్న ఇంట్లో రెండు వేలంటే చిన్న డబ్బు కాదని తెలిసే ఈ మాట చెబుతున్నాను.

ఇలాంటి గొడవే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో వచ్చిన హిందీ సినిమా 'ఫ్యాన్' ప్రచారమంతా ఒక పాటతో మోత మోగింది. ఆ పాట కోసం పిల్లల్ని తీసుకెళ్లిన ఒక టీచరమ్మ, సినిమాలో అది లేకపోయేసరికి ఫిర్యాదు చేశారు. అక్కడి రాష్ట్ర వినియోగదారుల కమిషన్ ఆమెకు 10,000 రూపాయల పరిహారం, ఖర్చుల కింద మరో 5,000 ఇప్పించింది. జాతీయ కమిషన్ కూడా సరేనంది. కానీ 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ట్రైలర్ టికెట్ కొనమని ఊరించేదే తప్ప, అందులో ఉన్నదంతా చూపిస్తామన్న ఒప్పందం కాదని తేల్చింది. సేవాలోపమూ కాదు, అన్యాయమైన వ్యాపార పద్ధతీ కాదంది.

పాట లేకపోయినా కథ నడుస్తుంది, థ్రిల్లర్‌కి మాత్రం హత్యే ప్రాణం కదా అని వాదించొచ్చు. నాకైతే ఆ వాదనలో న్యాయం కనిపిస్తోంది. అయినా కళను ఎలా చూపించాలో చూపించేవాళ్ల ఇష్టమని ఆ తీర్పులోనే ఉంది కాబట్టి, దాన్ని నమ్ముకుని మిమ్మల్ని కోర్టు మెట్లెక్కించలేను.

మీ అసలు కేసు, మీరు 'పైగా' అని ఒక్క ముక్కలో వదిలేసిన చోట ఉంది. మీరు పంపిన టికెట్ ఫొటోను పెద్దది చేసి చూశాను. సగం చింపిన ముక్కే అయినా తేదీ, ఆట సమయం, సీటు నంబరు, ధర చదవడానికి వస్తున్నాయి. ధర పక్కన 'ఏసీ' అని ఉంది. మన రాష్ట్రంలో 2022 మార్చి 7న వచ్చిన జీవో 13 ఏసీ హాలుకు ఒక రేటు, ఏసీ లేని హాలుకు అంతకంటే తక్కువ రేటు పెట్టింది. ఏసీ పేరు చెప్పి డబ్బు తీసుకుని, సగం ఆట చెమటల్లో కూర్చోబెట్టడం సేవాలోపం కిందకే వస్తుంది. ఇక్కడ జవాబు చెప్పాల్సింది హాలు యజమాని. కరెంటు పోయిందంటారేమో. బొమ్మ ఆడుతూనే ఉందిగా!

ముందు హాలు మేనేజరుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసి, 15 రోజులు గడువివ్వండి. పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం హాలు ఎక్కడున్నా, మీరు ఉండే చోట నుంచే ఫిర్యాదు వేసుకోవచ్చు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. సినిమా చూసిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి.

ఫిర్యాదులో సినిమా బాగోలేదన్న మాట ఒక్కటి కూడా రాయకండి. రాస్తే అవతలి లాయరు దాన్నే పట్టుకుని, నచ్చక వేసిన కేసంటాడు. ఏసీ ఎప్పుడు ఆగింది, ఎవరికి చెప్పారు, వాళ్లేమన్నారు, అంతే. ఆ రోజు పక్క సీట్లలో తెలిసినవాళ్లెవరైనా ఉంటే వాళ్లతో అఫిడవిట్ ఇప్పించండి. టికెట్ల డబ్బు, కొంత పరిహారం అడగండి. కారు ఖర్చు కూడా అడగండి గానీ, ఇస్తారన్న ఆశ పెట్టుకోకండి.

ఇంకో సంగతి. ఫొటోలో చూస్తే అది మెషిన్‌లో కొట్టిన థర్మల్ కాగితంలా ఉంది. వాటి మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. ఈ రోజే రెండు జిరాక్సులు తీయించి, అసలు ముక్కను ఎండ, వేడి తగలకుండా కాగితం కవర్లో దాచండి.