కాబూల్ కరెంటు చెప్పిన సంగతి

యుద్ధంతో చితికిపోయిన దేశాలకు విదేశాలు చేసే సాయం నిలుస్తుందా, బూడిదలో పోసిన పన్నీరవుతుందా అని మీరు అడిగారు. 2008-09లో కాబూల్ శివార్లలోని చిమ్తాలా సబ్‌స్టేషన్‌లో టెస్టింగ్ ఇంజనీరుగా పనిచేశాను కనుక, నాకు తెలిసిన కరెంటు సంగతి వరకే చెబుతాను.

మన ప్రభుత్వ సాయంతో ఉత్తర అఫ్ఘానిస్తాన్‌లోని పుల్-ఎ-ఖుమ్రీ నుంచి కాబూల్ దాకా 202 కిలోమీటర్ల 220 కేవీ (కిలోవోల్టుల) లైను వేశారు. సలంగ్ కనుమ దగ్గర మంచులో టవర్లు నిలబెట్టడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. 2009లో ఉజ్బెకిస్తాన్ విద్యుత్తు ఆ లైను మీదుగా నగరానికి చేరిన రోజుల్లో, ఒక రాత్రి గోడ అవతలి వీధిలో పిల్లలు ‘బర్క్ ఆమద్’ అని అరుస్తుంటే, చిన్నప్పుడు మా ఊళ్లో ‘కరెంటొచ్చింది’ అని మేం పెట్టిన కేకలు గుర్తొచ్చాయి.

ఇంచుమించు అప్పుడే, అదే నగరం పక్కన తరఖిల్ వద్ద అమెరికా 30 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి 105 మెగావాట్ల డీజిల్ విద్యుత్కేంద్రం కట్టించింది. దిగుమతి చేసుకునే యూనిట్ కన్నా డీజిల్ యూనిట్ ఎన్నో రెట్లు ఖరీదు కావడంతో, అంత సొమ్ము పోసి నడిపే స్తోమత అక్కడి విద్యుత్ సంస్థకు లేక, అది అత్యవసరానికి తప్ప పెద్దగా తిరగలేదు. కట్టడానికి ఎంతవుతుందో లెక్కవేసినవాళ్లు, నడపడానికి ఏటా ఎవరు చెల్లిస్తారన్నది వేయలేదనే నా అభిప్రాయం.

మేమూ తప్పు చేయకపోలేదు. లైనులో లోపం వస్తే పసిగట్టి కరెంటు ఆపించే పరికరాలైన రిలేల మాన్యువళ్లన్నీ ఇంగ్లీషులోనే అప్పగించాం. స్థానిక టెక్నీషియన్ ఒకాయన, ఏ అలారం మోగితే ఏం చేయాలో అట్టముక్క మీద పెన్సిలుతో అక్కడివాళ్లు మాట్లాడే దరీ భాషలో రాసుకుని, దాన్ని ప్యానెల్ తలుపు లోపలివైపు అతికించాడు. నేను తిరిగివచ్చే నాటికి ఆ గదిలో అందరూ చూసేది మా మాన్యువళ్లను కాదు, ఆ అట్టనే.

భద్రత లేనిచోట ఏదీ చెక్కుచెదరకుండా ఉండదు. 2016 జనవరిలో ఉత్తరాన ఉన్న బగ్లాన్ ప్రాంతంలో జరిగిన పోరులో ఉజ్బెకిస్తాన్ లైను టవరు కూలి కాబూల్ చీకటైంది. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చాక, అంతవరకూ ప్రభుత్వ వ్యయంలో నాలుగింట మూడొంతులు భరించిన విదేశీ గ్రాంట్లు ఆగిపోయి, ఆసుపత్రులూ బడులూ జీతాలకు కటకటలాడాయి. ఉజ్బెకిస్తాన్‌కు కరెంటు బిల్లు కట్టడం మాత్రం, బకాయిలు పడుతూనే అయినా, కొత్త పాలకులకూ తప్పలేదు.