ఆ ఫారం మీద సంతకం పెట్టే ముందు

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫారం నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. పది నెలల శిష్యత్వ శిక్షణకి వెళ్తానన్నావని మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. నాకైతే ఏడుపు రాలేదు. ఇరవై రెండేళ్ళ పిల్ల ఉద్యోగం కంటే ముందు బైబిల్ వాక్యం నేర్చుకుంటానంటే నాకు సంతోషమే. నేనూ ఆ వయసులోనే వెళ్ళాను. అందుకే వెళ్ళొద్దని రాయడం లేదు, ఎలా వెళ్ళాలో రాస్తున్నాను.

నా సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 1986లో రెండేళ్ళ ట్రైనింగ్‌కి వెళ్ళాను. ఊరూ పేరూ ఇప్పుడు అనవసరం. మొదటి రెండు నెలలు అంత ఆనందంగా నేనెప్పుడూ లేను. నాలుగున్నరకి లేచి ప్రార్థన, అందరం వరండాలో కూర్చుని పాటలు పాడుకుంటూ బియ్యం ఏరడం, మధ్యాహ్నం వాక్య పఠనం. ఇంటి నుంచి ఉత్తరం వస్తే ఆఫీసులో ఇచ్చేవాళ్ళు. ఒకరోజు కవరు అంటించిన చోట ఎండిపోయిన అన్నం మెతుకు కనిపించింది. మా అమ్మ ఎప్పుడూ జిగురుతోనే అంటించేది. అంటే ముందు విప్పి, చదివి, మళ్ళీ మెతుకు పెట్టి అంటించి ఇస్తున్నారన్నమాట. మీ తాతయ్యకి పక్షవాతం వచ్చిందని అమ్మమ్మ రాసిన ఉత్తరం నాకు పదకొండు రోజులు ఆలస్యంగా చేరింది. ఉపవాస ప్రార్థనలు ముగిసేదాకా నా మనసు చెదరకూడదని ఆపారట. నాకు కోపం రాలేదు. పైగా అందరి ముందు ఏడ్చినందుకు నేనే వెళ్ళి క్షమాపణ అడిగాను. ఇది నువ్వు బాగా ఆలోచించాల్సిన సంగతి.

దానికంటే బరువైనది ఇంకోటి ఉంది. ప్రతి రాత్రీ ఆ రోజు చేసిన పాపాలు నోటుపుస్తకంలో రాయాలి. శనివారం దాన్ని మన మీద పెట్టిన అక్కకి ఇవ్వాలి. రెండో ఏడు నేనే ఆ అక్కనయ్యాను, నా కింద ఆరుగురు ఆడపిల్లలు. వాళ్ళలో ఒకమ్మాయి ఒక అబ్బాయి అంటే ఇష్టమని రాసుకుంది. చదివి, వెళ్ళి పెద్దాయనకి చెప్పాను. ఆయన మర్నాడు ప్రార్థనలో పేరెత్తకుండానే దాని మీద గంటసేపు బోధించారు. అందరికీ అర్థమైంది. ఆ పిల్ల ఆ వారమే ట్రంకు పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది. ఎవరూ మాట్లాడకూడదన్నారు కాబట్టి గేటు దాకా కూడా నేను వెళ్ళలేదు. ఆమె నమ్మి రాసింది నాకు.

నన్ను చూస్తే నీకు చెడ్డదాన్ననిపిస్తుందా? ఆ పెద్దాయన కూడా చెడ్డవారు కాదు. ఆత్మల్ని కాపాడుతున్నామనే అనుకున్నాం. అందుకే నీకు శిక్షణ ఇచ్చేవాళ్ళు మంచివాళ్ళా కాదా అని మాత్రమే చూసి ఊరుకోకు. అక్కడి పద్ధతి ఎలాంటిదో చూడు.

ఇది మన దగ్గరే పుట్టిన పద్ధతి కాదు. 1970ల్లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఐదుగురు పేరున్న బోధకులు ప్రతి విశ్వాసికీ ఒక కాపరి ఉండాలన్న ఉద్యమం నడిపారు. పోనుపోను ఉద్యోగం, ఇల్లు, పెళ్ళి, అన్నీ కాపరిని అడిగి చేసేదాకా వెళ్ళింది. ఆ ఐదుగురిలో ఒకరైన బాబ్ మంఫర్డ్ 1989 చివర్లో అది తప్పని ఒప్పుకుని బహిరంగంగా క్షమాపణ అడిగారు. 1979లో బోస్టన్ దగ్గర కిప్ మెక్‌కీన్ మొదలుపెట్టిన ఇంకో ఉద్యమంలో ప్రతి సభ్యుడి మీదా అతన్ని నడిపించడానికి ఒక శిష్యకారుణ్ణి తప్పనిసరిగా పెట్టేవారు. అది కాలేజీ పిల్లల మధ్య చాలా దేశాలకి పాకింది, మన దేశంలోని నగరాలకీ వచ్చింది. 2003లో లండన్‌లో వాళ్ళ నాయకుల్లోనే ఒకాయన ఆ పద్ధతిని తప్పుపడుతూ పెద్ద బహిరంగ లేఖ రాశాక చాలా సంఘాల్లో ఆ బలవంతం సడలింది. నడిపినవాళ్ళే తప్పని ఒప్పుకున్నదాన్ని మనం మళ్ళీ మొదటి నుంచి మొయ్యక్కర్లేదు కదా.

ఇక నీ ఫారం సంగతి. ఐదింటికి లేవాలి, వంటపని వంతులవారీగా చెయ్యాలి, క్లాసులో ఫోన్ ఉండకూడదు. ఇవి మంచివే. నీకున్న బద్ధకానికి ఇంకా మంచివి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో ఇవ్వాలన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. ఇవ్వకు. జిరాక్సులు చాలు. ఒప్పుకోకపోతే అక్కడితో ఆగిపో, ఇంకేమీ అడగక్కర్లేదు. మొదటి మూడు నెలలు ఫోన్ వాళ్ళ దగ్గరే అన్నారు, పదిహేను రోజులకోసారి ఇంటికి మాట్లాడాలన్నారు. వారానికోసారి, పక్కన ఎవరూ లేకుండా మాట్లాడతానని ముందే చెప్పు. ఎలా స్పందిస్తారో చూడు. విసుక్కుంటే అది నీకు జవాబు.

మూడో పేజీలో 'నాయకుల నిర్ణయానికి అన్ని విషయాల్లో లోబడతాను' అని ఉంది. 'అన్ని' అనే మాట కొట్టేసి 'శిక్షణ విషయాల్లో' అని రాసి పంపించు. నీ పెళ్ళి శిక్షణ విషయం కాదు. బ్రదర్ చూపించిన సంబంధమే దేవుని చిత్తమని చెప్పి పెళ్ళిళ్ళు చేసిన ఇళ్ళు నాకు తెలుసు. నీ థైరాయిడ్ మాత్ర కూడా శిక్షణ విషయం కాదు. ఉపవాసంలో ఉన్నా డాక్టర్ చెప్పినట్టే వేసుకో. విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే అననీ.

వెళ్ళే ముందు మధ్యలో మానేసి వచ్చినవాళ్ళలో ఒక్కరితోనైనా మాట్లాడు. పూర్తి చేసినవాళ్ళ సాక్ష్యాలు వాళ్ళే వినిపిస్తారు, మానేసినవాళ్ళని నువ్వే వెతుక్కోవాలి. వాళ్ళ గురించి అక్కడ ఎలా మాట్లాడుతున్నారో కూడా విను. "ఆ అమ్మాయికి మా దగ్గర కుదరలేదు, బాగుండాలని ప్రార్థిస్తున్నాం" అన్నారంటే ధైర్యంగా వెళ్ళు. "లోకంలో కలిసిపోయింది" అన్నారంటే రేపు నీ గురించీ అదే మాట. నాయకుడు తప్పు చేస్తే అడిగే పెద్దలెవరు, కానుకల లెక్క ఎవరు చూస్తారు, నువ్వు ఒప్పుకున్న పాపం ఎవరి చెవిన పడుతుంది, ఇవీ అడుగు.

నీకు ప్రశ్న వచ్చినప్పుడల్లా ఒక వాక్యం వినిపిస్తారు, తిరుగుబాటు సోదె చెప్పడమంత పాపమని. మాకూ వినిపించారు. సమూయేలు మొదటి గ్రంథం పదిహేనో అధ్యాయం మొత్తం చదువు. ఆ మాట ప్రవక్త అన్నది సౌలు రాజుతో. చేతిలో అధికారం ఉండి, దేవుని మాట పక్కన పెట్టినవాడితో. సందేహం అడిగిన పిల్లతో కాదు. యోహాను సువార్త ఆరో అధ్యాయం కూడా చదువు. చాలామంది శిష్యులు వెళ్ళిపోతుంటే యేసు ప్రభువు మిగిలిన పన్నెండుమందిని, మీరు కూడా వెళ్ళాలనుకుంటున్నారా అని అడిగారు. వెనక్కి లాగలేదు, శపించలేదు. ఆ అధ్యాయం నాకు అర్థమవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

నీ ఏటీఎం కార్డు నీ దగ్గరే ఉంచుకో. తిరుగు ప్రయాణానికి మూడు వేలు పుస్తకాల మధ్య వేరేగా పెట్టుకో. మీ అమ్మతో ఒక మాట అనుకున్నాం: ఫోన్లో నువ్వు "ఆవకాయ అయిపోయింది" అంటే బాబాయి మర్నాటి బస్సుకే బయల్దేరతాడు. ఎందుకు ఏమిటి అని అడగం. ఎవరైనా బయటికి వెళ్ళనివ్వకపోతే 112కి చెయ్యి, ఆడపిల్లలకి 181 కూడా ఉంది. నువ్వు మేజర్‌వి, నిన్ను ఆపి ఉంచే హక్కు ఎవరికీ లేదు.

మధ్యలో వచ్చేస్తే దేవుణ్ణి వదిలి వచ్చినట్టు కాదు. మన సంఘం ఇక్కడే ఉంది, ఆదివారం నా పక్కన నీ చోటు అలాగే ఉంటుంది.

దిద్దిన ఫారం పంపే ముందు నాకోసారి ఫోటో తీసి పెట్టు. సర్టిఫికెట్లు బీరువా కింది అరలో, చీరల కింద పెట్టమని మీ అమ్మకి చెప్పాను.

ప్రేమతో,
పెద్దమ్మ