ఫైర్‌ప్లేస్ అర మీద గునుగుపూలు

"అక్కా, మేం పాలమూరు నుంచి అమెరికాల ఒహాయోకు వచ్చి ఎనిమిది నెలలైంది. అద్దె ఇంట్ల ఫైర్‌ప్లేస్, అదే చలికి మంటేసుకునే గోడ పొయ్యి, ఉంది. పక్కిండ్లోళ్లు దాని మీద ఆకులు, గుమ్మడికాయలు పెట్టి ముద్దుగ సర్దుకున్నరు. దుకాణంల ప్లాస్టిక్ ఆకుల దండలు చూస్తే మనసొప్పలే. చేత్తో ఏమన్న చేసుకోవచ్చునా?" అని ఒక చెల్లె అడిగింది.

మనసొప్పకపోవుడే మంచిదైంది చెల్లె. ఫైర్‌ప్లేస్ మీది ఆ చెక్క అరను మ్యాంటెల్ అంటరు. మా నల్లగొండ దిక్కు పాత ఇండ్లల్ల దీపం పెట్టే గూడు ఉండేది. పండుగొస్తే మా అమ్మ గూటి చుట్టు సున్నం వేసి, అంచుకు రెండు బంతిపూలు పెట్టేది. నేను మ్యాంటెల్‌ను ఆ గూడు లెక్కనే చూస్త. ఇక్కడ ఆకులు రంగు తిరిగే రోజులకే మనకు బతుకమ్మ వస్తది. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఎట్లయిన పూలు తెస్తం. బతుకమ్మకు పేర్చినవి నీళ్లల్ల కలుపుడే, వాటిని ముట్టొద్దు. పేర్చంగ మిగిలినవి మాత్రం పారెయ్యకు.

ముందు గునుగు సంగతి చెప్త, నా మ్యాంటెల్ మీద సగం అదే. ఇక్కడ నర్సరీలల్ల సెలోసియా అని అమ్మేది మన గునుగే. అండ్ల కోడిజుట్టు లెక్క మడతలుండేది సీతజడ. గునుగు చెట్టు మీద ఉన్నప్పుడే గడ్డి లెక్క పొడిపొడిగ ఉంటది, అందుకే ఎండినా రూపు చెడదు. పువ్వు నిండుగ విచ్చినంక, విత్తనం రాలకముందు, పొద్దున తడి ఆరినంక కోయి. ఆకులన్ని దూసెయ్యి. ఐదారు కాడలకు ఒక కట్ట చాలు, ఎక్కువైతే నడుమ బూజు పడతది. దారంతోని కట్టకు, రబ్బర్ బ్యాండ్ వెయ్యి. కాడలు ఎండి సన్నబడితే దారం వదులై పూలు జారిపోతయి. చీకటిగ, గాలాడే చోట తలకిందులుగ రెండు మూడు వారాలు వేలాడదియ్యి. ఎండల పెడితే రంగు వెలిసిపోతది. చలి 32 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగిన ఒక్క రాత్రికే గునుగు, బంతి రెండూ మాడినట్టయితయి. వాతావరణం చూసుకుంట ముందే కోసుకో.

తంగేడు ఇక్కడ దొరకదని నువ్వు బాధపడతవని తెలుసు, నేనూ పడ్డ. దాని పసుపుకు దగ్గరగ ఉండేది గోల్డెన్‌రాడ్, రోడ్ల పక్కన అడవిలెక్క పెరుగుతది. అది ముట్టుకుంటే తుమ్ములొస్తయని భయపెడతరు గాని, ఆ పుప్పొడి బరువుది, తేనెటీగలే మోసుకపోతయి. తుమ్ములు తెచ్చేది అదే కాలంల పూసే రాగ్‌వీడ్. గోల్డెన్‌రాడ్ పూర్తిగ విచ్చకముందే కోసి ఎండబెట్టు. ఎవరి జాగల అయినా అడిగి కోయి, నేషనల్ పార్కులల్ల మాత్రం కోయొద్దు.

మేపుల్ ఆకులు నేల మీంచి ఏరుకో. పాత పేపర్ల నడుమ పెట్టి, మీద బరువైన పుస్తకాలు పేర్చి వారం ఉంచు. తర్వాత మామిడాకుల తోరణం కట్టినట్టే తొడిమలు మడిచి నూలు దారానికి కుట్టు, నడుమ నడుమ బంతిపూలు. ఒక్కటి గుర్తుపెట్టుకో: మూడు మూడు ఆకులుగ ఎర్రగ మెరిసే తీగ కనపడితే చెయ్యి పెట్టకు. అది పాయిజన్ ఐవీ కావచ్చు, ముట్టుకుంటే ఒళ్లంత దద్దుర్లు. ఎండినా దాని గుణం పోదు.

ఓక్ కాయలు, పైన్ కాయలు తెచ్చినంక ఓవెన్‌ల 200 డిగ్రీల ఫారన్‌హీట్‌కు ఒక గంట పెట్టి, పక్కనే ఉండి చూసుకో. మొదటి ఏడు నేను పెట్టలే. వారం తిరగకముందే గిన్నెల తెల్ల పురుగులు పాకినయి. బక్‌ఐ అనే చెట్టు గింజలు నున్నగ, గోధుమ రంగుల ఎంత ముద్దుగున్నా అవి విషం. పిల్లలుంటే వాటిని ఇంట్లకే తేవొద్దు.

గుమ్మడికాయలు కోయకుండ పెడితే నెలల తరబడి ఉంటయి, కోసి బొమ్మలు చెక్కితే వారంలనే మెత్తబడతయి. అడుగున చిన్న ప్లేటు పెట్టు, లేకపోతే చెక్క మీద మరక పడతది. గోర్డ్స్ అని రంగురంగుల చిన్నకాయలు అమ్ముతరు, అవి అలంకారానికే. పులుసు పెట్టకు. చేదు ఆనిగెపుకాయల ఉండే కుకుర్బిటసిన్ అనే చేదు పదార్థం అండ్ల కూడ ఉంటది, వాంతులైతయి. కూరకు బటర్‌నట్ స్క్వాష్ అనే తినే గుమ్మడి తెచ్చుకో.

ఇగ నిప్పు సంగతి. ఇది చెప్పకుండ నేను ఊకోను. ఆకులు, గుడ్డ, ఎండుపూలు అన్ని అంటుకునేటివే. ఇవి మ్యాంటెల్ మీద ఉన్నన్ని రోజులు కింది ఫైర్‌ప్లేస్ కట్టెలదైనా గ్యాస్‌దైనా వెలిగించకు. వెలిగించాల్సొస్తే అన్ని తీసి పక్కన పెట్టి వెలిగించు. అంటుకునే సామాను మంటకు మూడడుగుల దూరం ఉండాలె. ఒకసారి మా ఇంట్ల కొవ్వొత్తి పక్కన ఆకు కొస ఎర్రబడుతుంటే చూసి ఆర్పిన, అప్పటి నుంచి బ్యాటరీ దీపాలే. దీపావళి ప్రమిదలు గూడ మ్యాంటెల్ మీద కాదు, గడపకాడ పెట్టు.

అద్దె ఇల్లు కద, మేకు కొట్టకు. మా మొదటి ఇంటి ఓనరు రెండు మేకుల బొక్కలకు డిపాజిట్‌ల పైసలు పట్టుకున్నడు. గోడకు అంటుకొని మళ్ల ఊడొచ్చే హుక్స్ దొరుకుతయి, తోరణం బరువుకు అవి చాలు.

సర్దేటప్పుడు అంత నింపకు. నీ దగ్గర నారాయణపేట నూలు చీర పాతదుంటే అంచు కత్తిరించి అర మీద పరువు, కిందికి మాత్రం వేలాడనియ్యకు. ఒక పక్క ఇత్తడి చెంబుల గునుగు ఎత్తుగ పెట్టు. ఇంకో పక్క గుమ్మడికాయ, మూడు మక్క కంకులు తొక్కతోనే కట్టి పెట్టు. నడుమ ఖాళీగ ఉండనీ. ఇది నవంబర్ నాలుగో గురువారం, థ్యాంక్స్‌గివింగ్ దాకా నిలబడతది.

తీసేటప్పుడు గునుగు కట్టల కింద పేపర్ పరిచి దులుపు, నల్లగ ఆవాలకన్న చిన్న విత్తనాలు రాలతయి. కవర్ల వేసి దాచు. మేలో చలి పూర్తిగ పోయినంక పెద్ద కుండీల చల్లితే, బతుకమ్మ నాటికి నీ బాల్కనీలనే పూస్తది.