మునివేళ్ల నడక: బూట్ల కొట్టుకు పరుగెత్తకండి

రెండున్నరేళ్ల పాప మడమ ఆన్చకుండా మునివేళ్ల మీదే నడుస్తోందని, ఎవరో ఖరీదైన బూట్లు కొనమన్నారని మీరు రాశారు. కాస్త ఆగండి. అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లం అందరం చేసే పొరపాటే ఇది. డాక్టరు బిల్లుకు జడిసి, అంతకు రెట్టింపు కొట్లో పోస్తాం. మేమూ ఆ బాపతే.

నడక నేర్చిన కొత్తలో మునివేళ్ల మీద తిరగడం మామూలే. చాలామందికి మూడేళ్లలోపు అదే పోతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో కార్పెట్ కాబట్టి అడుగుల చప్పుడు వినబడదు, మనకు ఆలస్యంగా తెలుస్తుంది. వంటింటి గట్టి నేల మీద తడికాళ్లతో నడిపించి అచ్చులు చూడండి. మడమ ఆన్చమంటే ఆన్చి నాలుగడుగులు వేస్తోందా? తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు చాచి ఉంచి పాదాన్ని పైకి వంచండి. లంబకోణం దాటి ఇంకొంచెం రావాలి. మోకాలు మడిస్తే వచ్చి, చాస్తే రాకపోతే బిగువు పైపిక్కలో ఉంది. రెండు రకాలా రాకపోతే లోపలి పిక్కో, మడమ వెనకాల అకిలిస్ టెండనో కూడా కురచబడుతున్నట్టు.

ఒక్క కాలే అలా ఉన్నా, మొన్నటిదాకా చక్కగా నడిచిన పిల్ల ఇప్పుడే మొదలుపెట్టినా, కాళ్లు బిర్రబిగిసినా, మాటలు వెనకబడినా, నేల మీంచి లేవడానికి చేతులు తొడల మీద ఆనించి ఎగబాకుతున్నా పైసలు లెక్కపెట్టకుండా వెంటనే చూపించండి. మగపిల్లల్లో ఈ చివరిది కనబడితే కండరాల జబ్బేమోనని సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటిన్ కైనేజ్) రక్తపరీక్ష చేయిస్తారు.

పిక్కను సాగదీయడంలో చాలామంది తప్పు చేస్తారు. వేళ్లు పట్టుకుని పైకి తోస్తారు. అప్పుడు పాదం నడిమధ్య వంగుతుంది తప్ప చీలమండ వంగదు. పిక్క సాగదు సరికదా, పాదం వంపు కుంగుతుంది. మడమను అరచేతిలో ఇముడ్చుకోండి. మీ ముంజేయి అరికాలికి ఆనాలి. పాదాన్ని రవ్వంత లోపలికి తిప్పి, మడమను కిందికి లాగుతూ ముంజేతితో మెల్లగా పైకి నెట్టండి. మోకాలు చాచే ఉండాలి. ముప్పై అంకెలు లెక్కపెట్టి వదలండి. కాలికి మూడుసార్లు, పూటకొకసారి. స్నానం చేయించాక, ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడైతే పేచీ తక్కువ. అమ్మమ్మ నువ్వులనూనె మర్దనా హాయిగా ఉంటుంది గానీ దానికి పిక్క సాగదు.

బూట్ల సంగతి: మడమ చుట్టూ గట్టిగా ఉండి, వేళ్ల ముందు అరంగుళం ఖాళీ ఉంటే చాలు. ఇండియా 7 అంటే ఇక్కడ దాదాపు 8. చదునుపాదమని ఇన్సోల్స్ అంటగట్టబోతే, మునివేళ్ల మీద నిలబడినప్పుడు వంపు కనబడుతోందేమో చూడండి. కనబడితే, నొప్పి లేకపోతే, అవి దండగ. బేబీ వాకర్ అసలే వద్దు. కెనడా 2004లోనే నిషేధించింది.

ఇక అసలు బాధ, డబ్బు. మూడో పుట్టినరోజు లోపు మీ రాష్ట్రం ఎర్లీ ఇంటర్వెన్షన్‌కు (ఎదుగుదలలో వెనకబడిన పసిపిల్లలకు సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం) మీరే ఫోన్ చేయొచ్చు, డాక్టరు చీటీ అక్కర్లేదు. మదింపు ఉచితం, అడిగిన 45 రోజుల్లోపు వాళ్లు ముగించాలి. నడక ఒక్కటే తేడా అయితే అర్హత రాకపోవచ్చు, అయినా అడగడానికి ఏం పోయింది? మూడు దాటితే స్కూల్ డిస్ట్రిక్ట్‌ను అడగాలి. మిగతా నిబంధనలు వాళ్ల సైట్‌లోనే ఉంటాయి.

ఇన్సూరెన్స్ మీద ఫిజికల్ థెరపీకి వెళ్తే, ఏడాదికి ఎన్ని విజిట్లో ముందే కనుక్కోండి. వ్యాయామం చేయించినందుకు బిల్లులో 97110 కోడ్‌ను పదిహేను నిమిషాలొక యూనిట్‌గా వేస్తారు, ముప్పావుగంటకు మూడు. ఆసుపత్రికి అనుబంధమైన క్లినిక్ అయితే ఫెసిలిటీ ఫీజు (ఆసుపత్రి వసతులకు వేసే రుసుం) వేరే బిల్లుగా రావచ్చు. విడి క్లినిక్ దొరికితే అదే మేలు. పిక్క బిగిసిపోయి ప్లాస్టర్ కట్లు వేస్తామంటే, వారానికో రెండు వారాలకో విప్పి మళ్లీ కడతారు. నెలా నెలన్నర పడుతుంది, ప్రతి కట్టుకూ 29405 కోడ్ మీద విడిగా బిల్లు. మీ ప్లాన్ సంవత్సరం జనవరిలో మొదలయ్యేదై, ఈ ఏడాది డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించేముందు మీరు కట్టాల్సిన మొత్తం) ఇంకా నిండకపోతే, డిసెంబరులో కట్లు మొదలెట్టకండి. సగం కట్లకు పాత డిడక్టిబుల్, మిగతా సగానికి కొత్తది, రెండూ మీ జేబులోంచే.