తాతయ్య సైకిలుకు రంగు వేయించకు

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి మూడుసార్లు చూశాను. చిక్కడపల్లి ఇంట్లో మెట్ల కింద, పాత పేపర్ల కట్టల వెనక ఇన్నేళ్లూ నిలబడి ఉన్నది మీ తాతయ్య సైకిలే, ఇంగ్లండు కంపెనీ రాలే (Raleigh) బండి. ముందు గొట్టం మీది కొంగ బొమ్మ బిళ్ల చూడగానే గుర్తుపట్టాను. ఇంగ్లండులో చదువు ముగించుకుని 1970ల్లో ఆయన వెంట తెచ్చుకున్న బండి అది. దాని మీద విద్యానగర్ మీదుగా యూనివర్సిటీకి వెళ్తుంటే మేం పిల్లలం రోడ్డు పక్కన నిలబడి గేర్లు మార్చే చప్పుడు వినేవాళ్లం. అప్పటికి మా కాలనీలో గేర్ల సైకిలు అదొక్కటే.

బాలానగర్‌లో పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో పట్టించడం) చేయిస్తే కొత్తదానిలా మెరుస్తుందని ఎవరో చెప్పారన్నావు. ఆ పని మాత్రం చేయకు. మా నాన్నది వేరే సైకిలు, దాన్ని నేను ఒక పెయింటు షాపులో ఇచ్చాను. ఇసుకతో కొట్టి, పాత రంగంతా లేపి, నల్లగా నిగనిగలాడేలా ఇచ్చారు. గొట్టాల అతుకుల చుట్టూ చేత్తో గీసిన బంగారు గీతలు పోయాయి. ఆయన కాలు రాసుకుని పై గొట్టం మీద అరిగిన చోటు కూడా పోయింది. ఇంటికి తెచ్చాక మా అమ్మ దాన్ని చూసి ఏమీ అనలేదు, లోపలికి వెళ్లిపోయింది. తుప్పు వల్ల గొట్టం సన్నబడుతుంటే తప్ప పాత రంగును తీయకూడదని నేను గట్టిగా నమ్ముతాను. నీ బండికి ఆ స్థితి రాలేదు. డబ్బు పెట్టాల్సింది బండిని తిప్పే భాగాలకు, ఆపే భాగాలకు.

పానా పట్టేముందు ఫ్రేము బాగుందో లేదో చూడు. ముందు నుంచి ఎక్కడైనా గుద్దుకుని ఉంటే, హ్యాండిల్ గొట్టానికి కొంచెం కిందుగా కింది గొట్టం అడుగున రంగు ముడతలు పడి ఉంటుంది. అక్కడ వేలుపెట్టి నిమురు, కంటికంటే వేలికే బాగా తెలుస్తుంది. తరువాత నూలు దారం తీసుకో. వెనక ఇరుసు కూర్చునే చోట ఒక కొస కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్క అదే చోటికి తెచ్చి బిగించు. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎంత దూరముందో రెండు పక్కలా స్కేలుతో కొలువు. తేడా రెండు మిల్లీమీటర్ల లోపుంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టే. ఎక్కువుంటే కంగారు పడకు, స్టీలు కాబట్టి తెలిసినవాడు చల్లగానే వంచి సరిచేస్తాడు.

విప్పే ముందు ప్రతి భాగానికీ రెండు వైపుల నుంచీ ఫోటో తియ్యి. పాత స్వీట్ డబ్బాలు తెచ్చుకో, ఒక్కో భాగానికి ఒక్కో డబ్బా. ఎడమ పెడలు మామూలు మరకు తలకిందులు, గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పితే ఊడుతుంది. పెడళ్ల ఇరుసు కూర్చునే గొట్టంలో కుడివైపు కప్పు (బేరింగు గుళ్లు తిరిగే గిన్నె) కూడా అలాంటిదే. ఆ కుడి కప్పును అసలు తీయకు. ఉన్నచోటే గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూడు. గుంటలు లేకపోతే వదిలెయ్యి. కారణముంది. నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీలో చేసిన చాలా రాలే బండ్లకు ఆ కప్పు మర అంగుళానికి 26 చుట్లు, మిగతా ఇంగ్లీషు బండ్లకు 24. చెడగొట్టుకుంటే దానికి సరిపోయే కప్పు దొరకడం కష్టం కావచ్చు.

ఇక నిన్ను నిజంగా ఏడిపించేవి కాటర్ పిన్నులు. పెడలు చేతిని, అంటే పెడలును మోసే ఇనుప కడ్డీని, ఇరుసుకు పట్టి ఉంచే ఏటవాలు చీలలు అవి. ముప్పై నలభై ఏళ్ల తుప్పు వాటిని కరిపించి ఉంటుంది. రెండు రోజుల ముందు నుంచే పొద్దున, సాయంత్రం తుప్పు వదిలించే నూనె కొట్టు. నట్టును పూర్తిగా తీయకుండా పిన్ను కొసతో సమంగా వచ్చేదాకా వదులు చెయ్యి, దెబ్బకు మర పాడవకుండా అది కాపాడుతుంది. పెడలు చేతి కింద, పిన్ను తల చుట్టూ, ఒక ఇనుప గొట్టం ముక్క నేల మీద నిలబెట్టి ఆనించు. అది లేకుండా కొడితే ఆ దెబ్బంతా లోపలి బేరింగుల మీద పడి కప్పుల్లో గుంటలు పడతాయి. తరువాత నట్టున్న కొస మీద బరువైన సుత్తితో నిటారుగా ఒక్క దెబ్బ. భయపడుతూ ఇరవైసార్లు తట్టావంటే పిన్ను కొస పుట్టగొడుగులా విచ్చుకుని ఇక ఎప్పటికీ రాదు. కొట్టడానికి చెయ్యి రాకపోతే బండిని నా దగ్గరికి తీసుకురా, వైసులో (బల్లకు బిగించిన పట్టుడు పనిముట్టు) నొక్కి తీద్దాం. కొత్త పిన్నులు కొనేటప్పుడు పాతవి చేతిలో పట్టుకుని ఇసామియా బజార్ వెళ్లు, పక్కపక్కన పెట్టి చూసుకునే తీసుకో.

బేరింగుల్లో పాత గ్రీజు గట్టిపడి మైనంలా ఉంటుంది. డీజిల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో కడుగు. పెట్రోలు వద్దు, ఫ్లాట్ బాల్కనీలో అది ప్రమాదం. కప్పులూ, గుళ్లను వాటిలోకి నొక్కి ఉంచే కోన్లూ బాగుంటే చాలు, లోపలి స్టీలు గుళ్లు మాత్రం అన్నీ కొత్తవి వెయ్యి. ముందు చక్రానికి సాధారణంగా 3/16 అంగుళాలవి పక్కకు పది, వెనక చక్రానికి పావు అంగుళాలవి పక్కకు తొమ్మిది, పెడళ్ల ఇరుసుకు పావు అంగుళాలవి పక్కకు పదకొండు. అయినా నీ బండిలోంచి వచ్చినవి లెక్కపెట్టి, కొలిచి రాసుకో. రాణీగంజ్ బేరింగ్ దుకాణాల్లో అన్ని సైజులూ ఉంటాయి. బిగించాక చక్రాన్ని గాలిలో వదిలితే ట్యూబు వాల్వు బరువుకే అది తనంతట తాను కిందికి తిరిగి, కాసేపు ఊగి ఆగాలి. పక్కకు లాగితే కదలకూడదు. ఆ రెండూ ఒకేసారి కుదరడానికి నాకు మొదటిసారి ఒక పూటంతా పట్టింది. నీకూ పట్టనివ్వు.

వెనక ఫ్రీవీల్‌ను (చైను తిరిగే పళ్ల చక్రాల కట్టను) మాత్రం విప్పకు. డీజిల్‌లో కడిగి, ఎండబెట్టి, సన్నటి నూనె పొయ్యి, అంతే.

తుప్పుకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. అయిదు లీటర్ల నీళ్లలో పావు కిలో కలిపి నట్లు, బోల్టులు రాత్రంతా వెయ్యి. క్రోమ్ వేసినవి అరగంటకు మించి ఉంచకు. బ్రేకుల్లాంటి అల్యూమినియం భాగాలు అసలు వేయకు, నల్లబడతాయి. తీసిన వెంటనే వంటసోడా నీళ్లలో ముంచి, తుడిచి, ఎండలో పెట్టి, నూనె గుడ్డతో రాయి. పది నిమిషాలు ఆలస్యమైనా పసుపుపచ్చ తుప్పు మళ్లీ పైకి తేలుతుంది. క్రోమ్ హ్యాండిల్‌కు వంటింటి అల్యూమినియం రేకును నలిపి, తడిపి రుద్దు. రేకు క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు మాత్రం లేస్తుంది. హ్యాండిల్‌కున్న ఇత్తడి గంటకు మీ అమ్మమ్మ పూజ సామాను తోమినట్టే చింతపండు. బోరు నీళ్లతో కడిగితే తెల్ల మరకలు నిలుస్తాయి, ఆరకముందే పొడిగుడ్డ పెట్టు.

రంగు మీద కార్ షాంపూ, మెత్తటి గుడ్డ, ఆ తరువాత చాలా కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ (రంగును మెరిపించే పేస్టు). అక్షరాల స్టిక్కర్ల దగ్గర కాంపౌండు తగలనివ్వకు. థిన్నరు వాసన కూడా చూపించకు, ఒక్క తుడుపుకు పేరు పోతుంది. ఫ్రేము ఖాళీగా ఉన్నప్పుడే సీటు గొట్టంలోంచి కొంచెం కాచిన అవిసె నూనె (బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్) పోసి, అటూ ఇటూ తిప్పి, కింద కారనిచ్చి రెండు మూడు రోజులు ఆరబెట్టు. వాన నీళ్లు గొట్టాల్లోపల చేరి చేసే చెరుపు బయటికి కనబడదు. ఈ పని మేలోనే చెయ్యి, మన ఎండ ఇందుకు బాగా పనికొస్తుంది.

టైర్ల దగ్గర మోసపోకు. నీ ఫోటోలో టైరు మీద 27×1¼ అని ఉంది, అంటే రిమ్ము మీద టైరు కూర్చునే చోటు వ్యాసం 630 మిల్లీమీటర్లు. మన మామూలు పెద్ద సైకిలు 28×1½ టైరుది 635. షాపువాళ్లు ‘ఇదే సరిపోతుందమ్మా’ అని ఎక్కిస్తారు, ఎక్కుతుంది కూడా, కానీ వదులుగా ఉండి గాలి నిండగానే పక్కకు లేచిపోతుంది. ఇప్పటి రోడ్డు సైకిళ్ల 700సి టైరుది 622, అది ఎంత లాగినా ఎక్కదు. కాబట్టి 630 అన్న అంకె టైరు మీద కళ్లారా చూసి కొను, ఆన్‌లైన్‌లో తెప్పించాల్సి వచ్చినా సరే. పాత స్టీలు రిమ్ములకు టైరును గట్టిగా పట్టే అంచు ఉండదు, గాలి ఒత్తిడి 70 పీఎస్‌ఐ దాటించకు.

బ్రేకు రబ్బర్లు, తీగలు, తీగల తొడుగులు అన్నీ మార్చెయ్యి. పాతవి ఎంత బాగా కనిపించినా ఉంచకు. క్రోమ్ రిమ్ము తడిస్తే బ్రేకు సగం కూడా పట్టదు, అందుకే వానలో ఆ బండి తీయకు. చైను మీద స్కేలు పెట్టి ఒక పిన్ను మధ్య నుంచి దాని తరువాతి 24వ పిన్ను మధ్య దాకా కొలువు. 12 అంగుళాలకు 1/16 ఎక్కువొచ్చిందంటే అది కూడా కొత్తదే.

మొదట అపార్టుమెంటు సెల్లారులో తిప్పి చూడు. తరువాత ఒక ఆదివారం తెల్లవారుజామున నానక్‌రామ్‌గూడ దగ్గర సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ మీదికి తీసుకెళ్లు. 2023లో తెరిచినప్పుడు ఆ ట్రాకు మొత్తం 23 కిలోమీటర్లు, మీ మణికొండకు దగ్గరే. మొదటి యాభై కిలోమీటర్లలో కాటర్ పిన్నులు కూర్చుని వదులవుతాయి. జేబులో పానా పెట్టుకో, మధ్యలో ఒకసారి ఆగి నట్లు బిగించు. పెడలు తొక్కినప్పుడు ‘టక్’ మంటే దిగి నడిపించుకుంటూ రా, అలాగే తొక్కితే పెడలు చెయ్యి పాడవుతుంది.

తోలు సీటు ఇంకా ఉందన్నావు కదా, దానికి కొబ్బరినూనె రాయవద్దు, తోలు మెత్తబడి సాగిపోతుంది. నా దగ్గర సీటు మైనం డబ్బా సగం ఉంది, వచ్చినప్పుడు ఇస్తాను. కాటర్ పిన్నులు కొట్టే రోజు ముందుగా ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న