ఫ్లాటెన్ చేసి ఇస్తే టెస్ట్ పోయింది, కోర్సులో చేరాలా?

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. సాయంత్రాలు ఒంగోలులో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఈమధ్య ఒక డిజైన్ కంపెనీ టెస్ట్‌లో పోస్టర్ చేసి పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) ఇస్తే, మీరు లేయర్లన్నీ కలిపేశారు, మార్పులు చేయడానికి వీల్లేదని చెప్పి పక్కన పెట్టారు. నాకు ఫొటోషాప్ సరిగా రానట్టేనా? ఖరీదైన కోర్సులో చేరమంటారా?

జవాబు: కోర్సు డబ్బులు అలాగే ఉంచుకోండి. మీకు పని వచ్చు. కాకపోతే స్టూడియో అలవాటుతో కంపెనీ టెస్ట్ రాశారు.

స్టూడియోలో పేజీ పూర్తవగానే ఫ్లాటెన్ చేసి, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన లేయర్లన్నీ (పొరలన్నీ) ఒకటిగా కలిపేసి, జేపీజీని ప్రింటింగ్ ల్యాబ్‌కి పంపేస్తారు. ఫైలు తేలికవుతుంది, పాత సిస్టమ్ మొరాయించదు. సీజన్ టెన్షన్‌లో అదే సరైన పద్ధతి. కంపెనీలో పోస్టర్ ఒక్కసారితో అయిపోదు. క్లయింట్ తేదీ మార్చమంటాడు, లోగో పెద్దది చేయమంటాడు, మర్నాడు అదే డిజైన్ ఇన్‌స్టాగ్రామ్ సైజులో కావాలంటాడు. ఆ రోజు మీరు సెలవులో ఉంటే పక్క సీటువాళ్లు మీ ఫైలు తెరవాలి. అందుకే టెస్ట్‌లో పోస్టర్‌తో పాటు లేయర్స్ ప్యానెల్ కూడా చూస్తారు.

ఫ్లాటెన్ చేస్తే దాచిన లేయర్లు పోతాయి, ఖాళీ చోట్లు తెల్లగా నిండిపోతాయి, అక్షరాలు బొమ్మగా మారిపోతాయి. తెలుగు పోస్టర్‌లో ఒక ఒత్తు తప్పు పడినా ఇక దిద్దలేరు. సేవ్ చేసి మూసేశాక అన్‌డూ కూడా దొరకదు.

లేయర్లు ఎక్కువై గందరగోళంగా ఉంటే కంట్రోల్ జీ నొక్కి గ్రూప్ చేసి పేరు పెట్టండి. ఫొటోను తరచూ చిన్నది, పెద్దది చేయాల్సి వస్తే స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చండి. అసలు ఫొటో లోపల భద్రంగా ఉంటుంది, క్వాలిటీ తగ్గదు. మొత్తం డిజైన్‌కి షార్పెనింగ్ కావాలా? పై లేయర్ మీద ఉండి కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్‌తో ఈ నొక్కండి. అన్నీ కలిసిన కొత్త లేయర్ ఒకటి పైన వస్తుంది, కిందివి ఎక్కడివక్కడే ఉంటాయి. స్టూడియోల్లో చాలామంది వాడని షార్ట్‌కట్ ఇది, నా దృష్టిలో మీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

కంట్రోల్ ఈతో కలపడం తప్పేమీ కాదు. ముఖం మీద మచ్చలు తీసిన చిన్న చిన్న లేయర్లను హాయిగా కలిపేయొచ్చు, వాటిని మళ్లీ ఎవరూ విడదీయరు. మల్టిప్లైలో (కింది రంగును ముదురు చేసే బ్లెండ్ మోడ్‌లో) పెట్టిన నీడను మాత్రం చూసి కలపండి. దాని కింది లేయర్‌లో ఖాళీ ఉంటే, కలిపాక అక్కడ నీడ రంగు తేడా కొడుతుంది.

మూడు నాలుగు పోస్టర్లు ఇలా చేసి, లేయర్లున్న పీఎస్‌డీ, ప్రింట్‌కి ఫ్లాటెన్ చేసిన కాపీ విడివిడిగా దాచుకోండి. పోర్ట్‌ఫోలియోలో పెళ్లి ఫొటోలు పెట్టేముందు ఆ కుటుంబాన్ని అడగండి. ఇంట్లో ఫొటోషాప్ లేకపోతే బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపీ ఉచితం, పీఎస్‌డీలు తెరుస్తుంది.

పెద్ద చదువు మీద మనసుంటే ఎం.డిజైన్‌కి సీడ్ (CEED) అనే ప్రవేశ పరీక్ష ఉంది, ఫైనలియర్‌లోనే రాయొచ్చు. అందులో చూసేది డ్రాయింగ్, ఆలోచన. సాఫ్ట్‌వేర్ షార్ట్‌కట్లు అడగరు.

ముందు ఆ పోస్టర్‌నే లేయర్లతో మళ్లీ చేసి, చూడగలరా అని ఆ కంపెనీకి మర్యాదగా ఒక మెయిల్ రాయండి.